తమ్ముడి తరఫున సాక్ష్యం

మద్రాసు,
14 సెప్టెంబరు 1987.

సువార్తమ్మక్కకు తమ్ముడు కృపానందం వందనాలతో రాస్తున్న ఉత్తరం.

నేను గురువారం పొద్దున దిగాను. సికింద్రాబాదు డాక్టర్లు ఇచ్చిన కాగితం చూసి అదే రోజు చేర్చుకున్నారు. నువ్వు కట్టిచ్చిన జొన్నరొట్టెలు గూడూరు దాకా సరిపోయాయి. మామిడికాయ తొక్కు డబ్బా మాత్రం తలుపు దగ్గరే ఆపేశారు. నేనుండే గదిలోకి బయటి తిండి రాకూడదట.

ఇక్కడ చేసే వైద్యం గురించి నెల్లూరు నర్సమ్మ తెలుగులో వివరంగా చెప్పింది. రెండేళ్ళుగా ఎక్కించిన మందులకు నా లింఫోమా క్యాన్సరు లొంగలేదు కాబట్టి మందులు మానేసి నా నెత్తురుతోనే చూస్తారు. ఒక చేతి నుంచి నెత్తురు బయటికి తీస్తే, మిషను అందులో తెల్ల కణాలను వేరు చేసి, మిగతాది రెండో చేతికి తిరిగి ఎక్కిస్తుంది. ఆ కణాలను సీసాల్లో ఉంచి, ఒక మందు పోసి మూడు నాలుగు రోజులు పెంచుతారు. బలం పుంజుకున్నాక మళ్ళీ నాకే ఎక్కిస్తారు. అవి పోయి మెడ గడ్డను చంపాలి. డాక్టరు గారు ఇది పరదేశంలో చూసి నేర్చుకొని వచ్చారు. ఇంకా పరీక్షలో ఉన్న పద్ధతి. మొత్తం ఎనిమిది మందికి చేసి చూస్తున్నారు. నేను ఆరోవాణ్ణి. పని చేస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. కాగితం అంతా చదివి వినిపించి సంతకం తీసుకున్నారు. వద్దనుకుంటే ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చని కూడా అందులో ఉంది.

గదికి ఒక కిటికీ ఉంది. అద్దం బిగించినది, తెరుచుకోదు. పద్నాలుగేళ్ళు రైల్వే గేటు వేసి జనాన్ని ఆపినవాణ్ణి. ఇప్పుడు ఇటు పక్క నిలబడి చూస్తున్నాను.

ఒక సంగతి. ఈ గడ్డ తగ్గితే కోత పండుగ నాడు చర్చిలో నిలబడి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతానని మొక్కుకున్నాను. పండుగ నవంబరు ఆఖరి ఆదివారమే కదా. మన పాస్టరు రత్నం అయ్యగారికి చెప్పి పెట్టు.

గేటు మీద నా బదులు వచ్చిన ఎల్లస్వామికి చెప్పు, తూర్పు వైపు గొలుసు తాళం వానకు పట్టేస్తుంది, కిరోసిన్ చుక్క వెయ్యమని.

నీ తమ్ముడు,
కృపానందం.


వయా నెక్కొండ, వరంగల్ జిల్లా,
28 సెప్టెంబరు 1987.

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనిషి నెత్తురు మనిషికే మందు కావడం నాకు అర్థం కాలేదు గాని, డాక్టరు చదువుకున్నవాడు కదా. అయ్యగారికి నీ మొక్కు సంగతి చెప్పాను. ఆయన దాన్ని పుస్తకంలో రాసుకున్నారు. మొక్కుకున్నావు కాబట్టి ఇక తప్పకూడదు. అమ్మ మొక్కు తప్పిన ఏడాదే నాన్న పోయాడు. అప్పటికి నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు.

నేను వాక్యం చెప్పడానికి రోజూ ఇళ్ళకు తిరుగుతున్నాను. బైబిలు స్త్రీ వచ్చిందంటే కొందరు తలుపు వేస్తారు, కొందరు చెంబుతో నీళ్ళిస్తారు. అంతా మామూలే. రాయమల్లు పెళ్ళాం కట్టమ్మ మాత్రం ఎప్పుడు పోయినా కూర్చోమంటుంది. వాళ్ళు మన చర్చి వాళ్ళు కాకపోయినా నా మాట వింటుంది. ఆమెకు కూడా మెడ పక్కన గడ్డ లేచింది. సర్కారు దవాఖానలో టీబీ గడ్డ అన్నారట. రోజూ నెక్కొండకు నడిచిపోయి సూది వేయించుకుంటోంది. నీ గురించి అడిగితే చెప్పాను. నవ్వింది.

"నీ తమ్మునికో గడ్డ, నాకో గడ్డ. ఇద్దరం గడ్డలోళ్ళమే బైబిలమ్మా. ఆయనది రైలెక్కి పోయింది, నాది నాతోని నాట్లకొస్తాంది" అంది.

ఎల్లస్వామి కిరోసిన్ వేశాడు. నీ క్వార్టరు ముందు బీరపాదు కాస్తోంది. కాయలు అతనే తింటున్నాడు. నేను అడగలేదు.

సువార్తమ్మ.


మద్రాసు,
2 నవంబరు 1987.

అక్కా, నీకు నా వందనాలు.

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. అక్టోబరు నెలంతా పెన్ను పట్టుకోలేకపోయాను. పెంచిన కణాలను ఎక్కించి, వాటికి బలం అని ఎనిమిది గంటలకోసారి ఒక మందు ఇచ్చారు. మందు పడ్డ గంటకు చలి మొదలయ్యేది. మంచం ఇనుప కాళ్ళు నేల మీద చప్పుడు చేసేంత వణుకు. ఒంట్లోకి నీరు దిగి పది కిలోలు పెరిగాను. అద్దంలో చూసుకుంటే మన పెద్దనాన్న కనిపించాడు, చనిపోయే ముందటి పెద్దనాన్న. తర్వాత నీరు దిగిపోయింది.

మెడ గడ్డ సగానికి సగం తగ్గింది. డాక్టరు టేపుతో కొలిచి రాసుకున్నారు. నేను చేతులు జోడిస్తే, ఇప్పుడే వద్దు, చూద్దాం అన్నారు. ఆయన మాట తీరే అంత.

ఎదురు గదిలో పరకాల వైపు మనిషి ఉన్నాడు. సారంగపాణి అని, మగ్గం నేసేవాడు. మా మధ్య నడవా, రెండు అద్దాలు. మాట వినపడదు. నేను పొద్దున లేవగానే ఆకుపచ్చ తువ్వాలు పైకెత్తి ఊపుతాను, గేటు దగ్గర రైలుకు ఆకుపచ్చ జెండా ఊపినట్టు. అతను చెయ్యి ఎత్తుతాడు. అంటే ఇద్దరం ఉన్నామని.

కోత పండుగకు రాలేను. జనవరి దాకా కదలనివ్వరట. మొక్కు సంగతి ఏం చేయాలో తెలియడం లేదు. అయ్యగారిని అడుగు.

కృపానందం.


వయా నెక్కొండ,
30 నవంబరు 1987.

నా తమ్ముడు కృపానందానికి,

నీ మొక్కు తీరిపోయింది. ఇక దాని గురించి బెంగ పెట్టుకోకు.

అయ్యగారిని అడిగితే, మనిషి దూరాన ఉంటే తోడబుట్టినవాళ్ళు లేచి చెప్పవచ్చు అన్నారు. నిన్న కోత పండుగ. చర్చి నిండా గుమ్మడికాయలు, వడ్ల కంకులు, కోళ్ళు. వేలం పాటలో ఒక పుంజు తాడు తెంచుకొని బల్ల మీదికెక్కింది. దాన్ని పట్టేసరికి సగం జనం నవ్వులే. ఆ నవ్వులు ఆగాక అయ్యగారు నీ పేరు పిలిచారు. నేను లేచాను.

పాతికేళ్ళుగా ఇళ్ళల్లో మాట్లాడుతున్నదాన్ని, చర్చిలో ఎన్నడూ లేచి మాట్లాడలేదు. నీ చలి జ్వరం సంగతి, నీ నెత్తురే నీకు మందైన సంగతి చెప్పాను. తగ్గింది అని చెబుదామని నోరు తెరిచాను. పోయింది అని వచ్చింది. వచ్చాక మళ్ళీ దిద్దుకోలేదు. అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఎలాగూ పోయేదే కదా అనుకున్నాను.

కట్టమ్మ బయట కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నది. పొద్దున నేను పోయేసరికి సూదికి పోకుండా ఇంట్లోనే ఉంది.

"నీ తమ్మునికి ఆయన నెత్తురే మందాయె. నాకు గీ సూదులెందుకు బైబిలమ్మా? చెవులు గుయ్యిమంటానయ్. ఆయన రానీ, ఎట్ల జేసిండ్రో అడిగి నేను గట్లనే జేయించుకుంట" అంది.

ఆమె మాటకు నవ్వొచ్చింది. ఎవరైనా అంత నమ్మకంగా మాట్లాడడం ఈ మధ్య నేను చూడలేదు.

ఏప్రిల్‌లో డోర్నకల్ ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పడానికి నిన్ను పిలుస్తారట. అయ్యగారు అప్పుడే ఉత్తరం రాశారు.

అక్క.


మద్రాసు,
18 డిసెంబరు 1987.

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు నా మేలు కోరి చేశావని తెలుసు. కాని నేను సగం అని రాశాను. సగం వేరు, మొత్తం వేరు. వచ్చే ఆదివారం వీలు చూసుకొని సగం తగ్గిందని చెప్పు. అందులో తప్పేమీ లేదు, సగం కూడా సాక్ష్యమే.

కట్టమ్మ సంగతి చదివి నాకు మనసు మనసులో లేదు. డాక్టరు గారిని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆమెది టీబీ గడ్డ. పురుగు వల్ల వచ్చేది. సూదులు, మాత్రలు చెప్పినన్ని నెలలు వాడితే పోతుంది. మధ్యలో ఆపితే ఆ పురుగు మందుకు లొంగదు, ఊపిరితిత్తులకు కూడా పోతుంది. నాది అది కాదు. నా కణాలు నాకే తప్ప ఇంకొకరికి పనికిరావు, ఆమెవి ఆమె జబ్బుకు పనికిరావు. "ఆమె దగ్గర మంచి మందు ఉంది, నీ దగ్గర లేదు. అందుకే నువ్వు ఇక్కడున్నావు" అన్నారు. ఈ ముక్క ఆమెకు తప్పకుండా చెప్పు.

క్రిస్మసుకు నర్సమ్మ అద్దానికి కాగితం నక్షత్రం అంటించింది. బయటి వైపు. నాకు వెనక వైపే కనిపిస్తుంది.

కృపానందం.


వయా నెక్కొండ,
6 జనవరి 1988.

తమ్ముడూ,

కొత్త ఏడాది నీకు శుభం కావాలి.

నువ్వు చెప్పినట్టు కట్టమ్మకు చెప్పాను. కాని ఎలా చెప్పినా ఆమెకు ఒక్కటే వినిపిస్తోంది, నీ దగ్గర మందు ఉంది, ఇవ్వడం లేదని. మొన్న రాయమల్లు ఒక సీసా పట్టుకొని వచ్చాడు. తళతళ తోమి ఉంది.

"అక్కా, గీ సీస ఉడుకునీళ్ళల్ల కడిగిన. మా దాని నెత్తురు జర గిండ్ల పోసి గార్డు సాబు చేతికిస్తె, మీ తమ్ముడు ఆడ పెంచి పంపడా?" అన్నాడు.

ఆడ పెంచేది నా తమ్ముడు కాదు, అది చెరువులో చేపలు పెంచినట్టు కాదు అని చెప్పాను. అతని ముఖం మాడిపోయింది.

"మందు దాసుకుంటాండా ఏంది? రైల్వేలో నౌకరి ఉన్నోళ్ళకే పనిచేస్తదా గా నెత్తురు?" అన్నాడు.

నా తమ్ముడు రానీ, ఆయనే అంతా చెబుతాడు అన్నాను. ఆ మాటతో సీసా తీసుకొని పోయాడు. వాళ్ళు ఇప్పుడు నీ కోసమే చూస్తున్నారు.

సగం సంగతి నేను చర్చిలో చెప్పలేదు. అయ్యగారు వద్దన్నారు. నువ్వు వచ్చేసరికి మొత్తం పోతుంది కదా, మధ్యలో ఎందుకు జనాన్ని తికమక పెట్టడం అన్నారు. నాకూ అదే సబబు అనిపించింది. సాక్ష్యం చెప్పిన తర్వాత ఎన్నడూ పిలవని ఇళ్ళవాళ్ళు కూడా పిలుస్తున్నారు. దొర గడీ పక్కన వీరభద్రం ఇంట్లో చాప వేసి కూర్చోబెట్టారు. ఇంతకు ముందు ఆ ఇంటి గడప దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చేదాన్ని.

సువార్తమ్మ.


మద్రాసు,
24 జనవరి 1988.

అక్కకు,

నేను బాగున్నాను. జలుబు చేసి మెడ కొంచెం వాచింది. అది తగ్గగానే పంపుతామన్నారు. మార్చిలో వస్తాను కావచ్చు.

కట్టమ్మను నా కోసం ఆగవద్దని చెప్పు.

సారంగపాణి గదికి తెర వేశారు. రెండు రోజులు తువ్వాలు ఊపాను. మూడో రోజు తెర తీశారు. మంచం మీద కొత్త దుప్పటి ఉంది. మా ఎనిమిది మందిలో అతను నాలుగోవాడు. వాళ్ళ తమ్ముడు నడవాలో నిలబడి చాలాసేపు నా వైపు చూశాడు. నేను ఏ జెండా చూపాలో తెలియక చేతులు కిందనే ఉంచుకున్నాను.

ఉంటాను.
కృపానందం.


వయా నెక్కొండ,
15 ఫిబ్రవరి 1988.

తమ్ముడూ,

సారంగపాణి సంగతి చదివి బాధపడ్డాను. నిన్ను దేవుడు వేరు చేసి ఉంచాడు. జలుబుకు వేడినీళ్ళు తాగు.

కట్టమ్మ గడ్డ పగిలింది. చీము కారుతోంది. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుంటోంది. దగ్గు కూడా పట్టుకుంది. నేను సూదులకు పొమ్మంటే రాయమల్లు అడ్డం వచ్చాడు.

"మార్చిల వస్తాండని నువ్వే చెప్తివి గదా. నెల దినాలకు ఏమైతది? జర ఓపిక పట్టు అక్కా" అన్నాడు. నా మాట నాకే చెప్పాడు.

డోర్నకల్ కూటాలకు అచ్చు వేసిన కాగితాలు వచ్చాయి. రెండో రోజు కింద నీ పేరు ఉంది. 'క్యాన్సరు నుండి విడుదల పొందిన రైల్వే గేటుమన్ కృపానందం గారు' అని. ఒకటి ఇందులో పెట్టి పంపుతున్నాను. గోడకు అంటించుకో.

అక్క.


మద్రాసు,
28 ఫిబ్రవరి 1988.

అక్కా,

నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

పోయిన ఉత్తరంలో జలుబు అని రాసింది అబద్ధం. జనవరి మొదట్లోనే గడ్డ మళ్ళీ పెరిగింది. ఇప్పుడు చంకల్లో కూడా ఉన్నాయి. ముందుకన్నా పెద్దవి. నీ ఉత్తరంలో చాప వేసి కూర్చోబెట్టారని చదివి రాయలేకపోయాను. ఇంకో వారం చూద్దాం, ఇంకో వారం చూద్దాం అనుకున్నాను. ఆ వారాలన్నీ కట్టమ్మ మెడ మీద పడ్డాయి. నీది నోరు జారిన తప్పు. నాది తెలిసి చేసిన తప్పు.

డాక్టరు గారు మళ్ళీ టేపుతో కొలిచారు. రిజిస్టరులో నవంబరులో తగ్గిందని రాసిన చోటి కిందనే, మళ్ళీ పెరిగింది అని అదే పెన్నుతో రాశారు. మీకు బాధగా లేదా అని నర్సమ్మతో అడిగించాను. "బాధే. కాని ఇది రాయకపోతే తొమ్మిదోవాడు మోసపోతాడు" అన్నారు. ఎనిమిది మందిలో ఒకాయనకు మాత్రం గడ్డ ఇప్పటిదాకా తిరిగి రాలేదట. మిగతా ఏడుగురి పేర్ల పక్కన ఉన్నది కూడా దాచకుండా ఉంది.

రెండోసారి కణాలు తీసి పెంచి చూస్తాం, ఇష్టమైతే ఉండు, లేకపోతే ఇంటికి పో, తలుపు తీసే ఉంది అన్నారు. ఎటు పోవాలి? మన ఊళ్ళో బాగైన కృపానందం ఒకడు ఉన్నాడు. అతను ఉన్నన్నాళ్ళు నేను ఆ ఊరికి రాలేను. ఇక్కడ అద్దం ఒకటే అడ్డం. అక్కడ ఊరంతా అడ్డం.

అచ్చు కాగితం గోడకు అంటించలేదు.

ఈ ఉత్తరం కట్టమ్మకు, రాయమల్లుకు, తర్వాత చర్చిలో చదివి వినిపించు.

కృపానందం.


వయా నెక్కొండ,
9 మార్చి 1988.

తమ్ముడూ,

ఉత్తరం చదివి పొయ్యి ముందు కూర్చున్నాను. అన్నం మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

జనం ముందు నేను చదవలేను. నన్ను అడగకు. నువ్వు అంటే దూరాన ఉన్నావు. నేను పొద్దున లేచి ఆ ఇళ్ళకే పోవాలి. పాతికేళ్ళుగా నాకున్నది నా మాట ఒక్కటే. అది అబద్ధమని నేనే చెప్పాక, ఇంకే మాట చెప్పినా ఎవరు వింటారు? దేవుడి మాట చెప్పినా వినరు.

నీకు నమ్మకం తగ్గిందేమో అని కూడా నాకు అనిపిస్తోంది. ఒకాయనకు తిరిగి రాలేదని నువ్వే రాశావు. ఆ ఒకడివి నువ్వు ఎందుకు కాకూడదు? రెండోసారి చేయించుకో. తగ్గుతుంది. తగ్గితే ఎవరికీ ఏమీ చెప్పే పని ఉండదు.

అయ్యగారికి చూచాయగా చెప్పాను. కూటాలు అయిపోయేదాకా ఓపిక పట్టమన్నారు. నువ్వు ఒకవేళ ముందే రావలసి వస్తే మెడకు మఫ్లర్ చుట్టుకొని రా. గేటు క్వార్టర్లోనే ఉండు. జ్వరమని చెబుదాం.

కట్టమ్మ నిన్న దగ్గితే గుడ్డకు నెత్తురు అంటింది. ఇది నీకు రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

సువార్తమ్మ.


మద్రాసు,
17 మార్చి 1988.

అక్కా,

నేను గేటు పనిలో చేరినప్పుడు ఒక నియమం నేర్పారు. నీకు ఎన్నడూ చెప్పలేదు. గేటు మధ్యలో బండి ఇరుక్కొని, రైలు వచ్చే వేళైతే, గేటుమన్ గేటు దగ్గర నిలబడి ఏడవకూడదు. తప్పు ఎవరిది అని అడగకూడదు. ఎర్ర జెండా పట్టుకొని రైలుకు ఎదురు పరుగెత్తాలి. ఇంజను వాడికి కనబడేదాకా పరుగెత్తాలి. చప్పుడు ఇంజను వాడికి వినబడేలా పట్టాల మీద టపాకాయలు పెట్టాలి. తర్వాత నౌకరి ఉంటుందా పోతుందా అన్నది తర్వాతి సంగతి. పద్నాలుగేళ్ళలో ఒకసారి పరుగెత్తాను. చెరుకు బండి. ఎద్దులు దక్కాయి.

అక్కడ ఆకుపచ్చ జెండా చూపింది నా పేరు మీద. నేను పరుగెత్తాలి. నాకు పక్క గది దాకా నడిచే బలం లేదు. కాబట్టి నువ్వే పరుగెత్తాలి. ఆదివారం దాకా ఆగకు. ఉత్తరం అందిన పూటే ముందు కట్టమ్మ దగ్గరికి పో. చర్చి తర్వాత.

నీకు చెప్పడం చేతకాకపోతే కింద రాసింది చదివితే చాలు. మాట నాది, నోరు నీది. అప్పుడూ అంతే కదా.

'నేను గేటుమన్ కృపానందాన్ని. నవంబరులో నా గడ్డ సగం తగ్గింది. పూర్తిగా పోలేదు. జనవరిలో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ ఉంది. ఇది నాకు తెలిసి కూడా రెండు నెలలు చెప్పలేదు. కట్టమ్మా, నీ జబ్బుకు మందు ఉంది. అది నెక్కొండలో, వరంగల్‌లో ఉంది, మద్రాసులో లేదు. నా కోసం ఆగవద్దు.'

రెండోసారి వద్దని చెప్పాను. మళ్ళీ నెలన్నర ఆ చలి నా వల్ల కాదు. డాక్టరు కోప్పడలేదు. 'తన ఇష్టంతో ఆగాడు' అని రాసుకున్నారు.

ఎప్పుడు రమ్మంటావో నువ్వే రాయి. నువ్వు రాసేదాకా ఇక్కడే ఉంటాను.

కృపానందం.


వయా నెక్కొండ,
4 ఏప్రిల్ 1988.

కృపానందానికి,

నీ ఉత్తరం మార్చి 23న వచ్చింది. టపా మనిషి చేతికిచ్చినప్పుడు నేను వీరభద్రం ఇంట్లో చాప మీద ఉన్నాను. అక్కడే విప్పి చదివి, లేచి కట్టమ్మ ఇంటికి పోయాను. చెప్పులు ఆ ఇంటి ముందే మరిచిపోయాను. ఇంతవరకు తెచ్చుకోలేదు.

రాయమల్లు గడ్డి కోసి అప్పుడే దించుతున్నాడు. కట్టమ్మ మంచంలో ఉంది. నువ్వు రాసింది నిలబడే చదివాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపలేదు. అయిపోయాక రాయమల్లు అన్నాడు.

"నాలుగు నెలలు, అక్కా. నాలుగు నెలల సంది నీ నోరు జూసుకుంట కూసున్నం. నీ తమ్ముడు పోతే పోతడు, ఆయనది మాయరోగం. దీనిదేమాయె? దీనికి మందు ఉండె గదా. మేం ఊర్లె ఉండి, మందు ఊరి బయట ఉండె."

కట్టమ్మ లేచి కూర్చొని ఒక్కటే అడిగింది.

"మల్ల మొదటి నుంచి పొడుస్తరా సూదులు?"

మర్నాడు వరంగల్ దవాఖానలో చేర్చాం. నేనూ పోయాను. ఊపిరితిత్తి ఒక పక్క పాడైందన్నారు. ఏడాదిన్నర మందులు వాడాలి, మొదట వాడినవి పనిచేయకపోవచ్చు, వేరేవి ఇచ్చి చూస్తామన్నారు. బతుకుతుందా అంటే, ఇంకో నెల ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం, ఇప్పుడు చూద్దాం అన్నారు. మీ డాక్టరు మాటే.

మట్టల ఆదివారం నాడు చర్చిలో చదివాను. అయ్యగారికి ముందు చెప్పలేదు, చెబితే ఆపేవారు. సగం చదివేసరికి ఆయన పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్ళంతా అందుకున్నారు. నేను కూర్చోలేదు. నాలుగు చరణాలు అయిపోయేదాకా కాగితం పట్టుకొని నిలబడి, తర్వాత మిగతా సగం చదివాను. ఈసారి చప్పట్లు లేవు. బయటికి వచ్చాక కొన్నాళ్ళు ఇళ్ళకు పోవద్దని అయ్యగారు చెప్పారు. కూటాల కాగితం మీద నీ పేరు కొట్టేశారట. పోయే ఇళ్ళు కూడా లేవులే. నిన్న ఈస్టరుకు మా గడప ఎవరూ తొక్కలేదు. ఎల్లస్వామి మాత్రం నాలుగు బీరకాయలు తెచ్చి పడేసి పోయాడు.

నీకు నమ్మకం తగ్గిందని రాశాను. అది తీసేసుకుంటున్నాను.

ఇక బయలుదేరు. ఎక్స్‌ప్రెస్ నెక్కొండలో ఆగదని నీకు నేను చెప్పాలా? డోర్నకల్లో దిగి ప్యాసింజరు ఎక్కు. ఏ రోజన్నది ఎల్లస్వామికి స్టేషను ఫోన్లో చెప్పించు. రాయమల్లు బండి కట్టుకొని స్టేషనుకు వస్తానన్నాడు. నాతో మాట్లాడడం లేదు. ఎల్లస్వామితో చెప్పి పంపాడు. బండిలో గడ్డి ఎక్కువ వేస్తానని కూడా చెప్పాడట, కుదుపులు తగలకుండా.

ఊరి మధ్య నుంచే రావాలి, వేరే బాట లేదు. అందరూ చూస్తారు. ఇక్కడ ఎండలు ముదిరాయి. మఫ్లర్ అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రా.

అక్క.